గుండ్రంగా చుట్టిన ముద్ద

ఎల్లారెడ్డి,
బుధవారం.

చిరంజీవి తమ్ముడు శేఖర్‌కు నీ అక్క గంగామణి మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా బాగున్నాం. బాగున్నాం అంటే, మీ బావ మోకాలు నొప్పి అలాగే ఉంది, బీడీ ఆకు కత్తిరించీ కత్తిరించీ నా బొటనవేలు తిమ్మిరెక్కుతోంది, బాపుకు ఎడమ చెవి వినపడటం మానేసింది. ఇవి పోను మిగతాదంతా క్షేమమే. భివండిలో నువ్వు, మరదలు, పెళ్లికూతురు సాయిశ్రీ మాకంటే ఎక్కువ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

భివండి నుంచి వచ్చిన రాజేశం ఆదివారం పొద్దున దుకాణానికి వచ్చి నీ ఉత్తరం, పెళ్లిపత్రిక నా చేతికిచ్చి పోయాడు. ఫోన్లు ఉండగా ఈ కాలంలో ఉత్తరమేమిటని మీ బావ నవ్వాడు. నాకు మాత్రం చదవకముందే అర్థమైంది. బాపు సంగతి నువ్వు నోటితో మాట్లాడలేవు. ఇన్నేళ్లూ ఫోన్ చేసిన ప్రతిసారీ "అందరు మంచిగున్నరా" అని అడిగి ఊరుకున్నావు. ఆ అందరిలోనే బాపును కలిపేసేవాడివి. ఆయన పేరు పెట్టి అడిగింది ఒక్కసారి కూడా లేదు. ఈ ఉత్తరంలో అడిగావు. ఆ సినిమాలో ముసలి దొంగను చూసి బాపును మాఫ్ చేశానని, పెళ్లికి ఆయనను తప్పకుండా తీసుకురమ్మని రాశావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతావేవీ రాయలేను. నేనూ కావాలనే కాగితం పట్టుకున్నాను, ఫోన్లో నీ గొంతు వినపడితే మాట మార్చేస్తానని నాకు తెలుసు. రాజేశం శనివారం బయలుదేరుతున్నాడు, అతని చేతికే ఇస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పసుపు ఇక్కడిదే కావాలని మరదలు అన్నదట, కొమ్ములు ఎండబెట్టి మూట కట్టాను. బాపుతో పెళ్లప్పుడు అవ్వకు పెట్టిన ఇత్తడి గంగాళం నా దగ్గరే భద్రంగా ఉంది. పెళ్లికి పంపిస్తాను, రైల్లో మోసే బాధ్యత మాత్రం మీ బావది. లింగంపేటలో మన పక్కింటి ఎంకవ్వ ఎలా ఉందని అడిగావు. ఆమె పోయి మూడేళ్లయింది తమ్ముడూ, అప్పుడే చెప్పాను, నువ్వే మర్చిపోయావు. పోచారం చెరువు అలుగు పారిందా అని అడిగావు. పారింది. ఈసారి వానలు దంచికొట్టాయి, చూడటానికి కార్లు వేసుకుని హైదరాబాద్ నుంచి కూడా వచ్చారు.

ఆ కట్ట మీద మనం కూర్చునేవాళ్లం, గుర్తుందా? నాగిరెడ్డిపేటలో పెళ్లి వంట ముగించుకుని వస్తూ బాపు మనల్ని అక్కడ దింపేవాడు. గంజు అడుగున మిగిలిన బూందీ పొడి కాగితంలో కట్టి తెచ్చేవాడు. నీకు ఎక్కువ వచ్చిందని నేను ఏడిస్తే నీ వాటాలోంచి తీసి నాకు పెట్టేవాడు, అప్పుడు నువ్వు ఏడ్చేవాడివి. ఇద్దరి మధ్యా కూర్చుని ఆయన కడుపు పట్టుకుని నవ్వేవాడు. పిల్లలు ఏడుస్తుంటే నవ్వే తండ్రిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

సినిమాల్లోనూ అంతే. పెళ్లిళ్ల కాలం ముగిశాక మనల్ని ఎర్రబస్సులో కామారెడ్డి తీసుకుపోయి ఒక ఆట చూపించేవాడు. అవ్వ బీడీలు వదిలి రానని ఇంట్లోనే ఉండేది. ఒకసారి తెర మీద హీరో తల్లి చనిపోతోంది. హాలంతా ముక్కులు చీదుతోంది. మన పక్కన ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. బాపు ఉన్నట్టుండి లేచి నిలబడి, "అగో, పొయ్యి మీది అన్నం మాడుతున్నది, ఎవ్వలన్న సూడుండ్రి!" అని అరిచాడు. నిజంగానే తెర మీద ఆమె వెనక పొయ్యి మీద గిన్నె పొగలు కక్కుతోంది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి తిట్టారు. తిట్టినవాళ్లే తర్వాత నవ్వారు. నువ్వూ నేనూ సిగ్గుతో కుర్చీ కిందికి జారిపోయాం. ఇప్పుడు ఆ సిగ్గు కూడా తియ్యగానే ఉంది.

ఇక నువ్వు మూడుసార్లు చూసిన సినిమా సంగతి. "దొంగతనం, శవం, పోలీసులు. అక్కా, ఇందులో నవ్వడానికి ఏముంది? అయినా మగ్గాల షెడ్డువాళ్లం అందరం పడి పడి నవ్వాం. ఎందుకో నువ్వు చూసి చెప్పు" అని రాశావు. సోమవారం దుకాణం మీ బావకు అప్పజెప్పి, బాపును వెంటబెట్టుకుని కామారెడ్డి పోయాను. మధ్యాహ్నం ఆట. బాపు బస్సెక్కిన దగ్గర్నుంచి కిటికీ పక్కన సీటు కావాలని చంటిపిల్లాడిలా పట్టుబట్టాడు. కిటికీ పక్కన కూర్చున్నాక గాలి ఎక్కువైందని అద్దం మూసేశాడు.

హాలు సగం పైనే నిండింది. కాలేజీ పిల్లలు, మార్కెట్ హమాలీలు, సంకలో పిల్లలతో ఆడవాళ్లు. ముగ్గురు దొంగలు ఊరందరూ పెళ్లికి పోయారని ఒక ఇంట్లో దూరతారు కదా, ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మ నిద్రలోనే ప్రాణం వదిలేస్తుంది. తామే చంపామనుకుని వాళ్లు వణికిపోతారు. అంత వణుకులోనూ ముసలి దొంగ వంటింట్లోకి పోయి, పొయ్యి మీది పప్పు రుచి చూసి, ఉప్పు తక్కువైందని చిటికెడు వేసి కలిపి, మంట తగ్గిస్తాడు. హాలు గొల్లుమంది. బాపు మాత్రం నవ్వలేదు. చాలా గంభీరంగా, "గట్లనే ఎయ్యాలె. ఒక్కసారే ఎయ్యొద్దు," అన్నాడు. ఆయన మాటకు మా వరుసంతా ఇంకోసారి నవ్వింది. అక్కడే నీకు బాపు కనిపించాడని రాశావు, నవ్వుతూనే ఏడ్చానని రాశావు. నాకూ కనిపించాడు తమ్ముడూ, పక్కనే కూర్చుని ఉన్నా కూడా.

తర్వాత ఇద్దరు దొంగలు ముసలమ్మ శవాన్ని బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పోతుంటే పోలీసు ఆపుతాడు. బండి మీద ముగ్గురెందుకని జరిమానా రాసి, "అవ్వా, గట్టిగ పట్టుకో," అని చెప్పి పంపిస్తాడు. నాకు నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి పుట్టాయి. ఎందుకింత నవ్వొస్తుందో అప్పుడే ఆలోచించాను. వేరే సినిమాల్లో తప్పు చేసేవాడు మన మనిషి కాడు. వాడు రాగానే వెనక వాయిద్యం మోగుతుంది, వాడి కళ్లు ఎర్రగా ఉంటాయి. ఈ సినిమాలో దొంగకు కడుపునొప్పి వస్తుంది, చెప్పు తెగుతుంది, బస్సు తప్పిపోతుంది. ఎంత పెద్ద తప్పు చేసినా ఆ చెయ్యి తన అలవాటు మానదు, పప్పు కలిపే చెయ్యి కలుపుతూనే ఉంటుంది. అలాంటివాణ్ణి చూస్తే తిట్టడానికి నోరు రాదు. నవ్వుతున్నంతసేపూ వాడి పక్షానే ఉంటాం, ఉన్నామని మనకే తెలియదు. నీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. నువ్వు మాఫ్ చేయగలిగింది కూడా ఇందుకేనని అనుకుంటున్నాను.

కానీ ఒకచోట నేను నవ్వలేకపోయాను. ముసలమ్మకు రోజూ పాలు పోసే మనిషి, ఆమె మనవడే ఈ పని చేశాడనుకుని, వాణ్ణి కాపాడటానికి స్టేషన్‌కు పోయి "నేనే చేసిన," అని ఒప్పుకుంటాడు చూడు. ఏమీ తెలియదు పాపం, అన్నీ తప్పు చెబుతాడు. ముందు తలుపు గుండా పోయానంటాడు. "కాదు, కిటికీ," అంటాడు ఇన్‌స్పెక్టర్. "అవును సారూ, కిటికీ," అంటాడు. హాలు కప్పు లేచిపోయేలా నవ్వింది. బాపు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. తిరుగు బస్సులో ఎలా ఉందని అడిగితే, "మంచిగున్నది బిడ్డ. గా పాలాయన ఒప్పుకునే కాడ మస్తు నవ్వొచ్చింది. ఒప్పుకునేటోడు ముందుగాల నేర్సుకొని పోవద్దా?" అన్నాడు. లింగంపేట వచ్చేదాకా నేను బస్సు టికెట్లు మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాను.

ఎందుకంటే అలాంటి నవ్వు నేను ముందే ఒకసారి విన్నాను. నువ్వూ విన్నావు. నీకు తెలిసినదే అయినా మొదటి నుంచి రాస్తాను, ఎప్పుడైనా సాయిశ్రీ ఈ ఉత్తరం చదివితే దానికీ తెలియాలి.

ఎంకవ్వ తన బిడ్డ పెళ్లికి చేయించిన బుట్టకమ్మలు పోయాయి. పచ్చరాయి ఉన్నవి, ఒకదానికి కింద ముత్యం రాలిపోయి ఉండేది. అప్పుడు నాకు పదిహేను, నీకు పన్నెండు. మన వాడలో ఇంటి దొంగతనం జరిగితే పోలీసుల దాకా పోకముందు పెద్దమనుషులు ఒక పద్ధతి పెట్టేవాళ్లు. ప్రతి ఇంటివాళ్లూ ఒక పేడ ముద్ద చేసి, తెల్లవారకముందే చావడి గదిలో పెట్టి రావాలి. వస్తువు తీసినవాళ్లు దాన్ని ముద్దలో పెట్టేస్తే, ఎవరు తెచ్చారో తెలియకుండానే అది ఇంటివాళ్లకు చేరిపోతుంది. దొరికాక ఎవరూ ఎవరినీ అడగకూడదు. సొమ్మువాళ్లకు సొమ్ము దక్కుతుంది, తీసినవాళ్లకు పరువు దక్కుతుంది. ఎవరు కనిపెట్టారో కానీ మంచి పద్ధతి.

ఆ పొద్దున వాడంతా చావడి ముందు కూడింది. పెద్దమనిషి సిద్ధిరాములు నీళ్ల గంగాళం పక్కన కూర్చుని ఒక్కొక్క ముద్దనే తీసి నీళ్లలో విప్పుతున్నాడు. పిడకలు చరిచే ఆడవాళ్ల ముద్దలు కదా, వేళ్ల గుర్తులతో, వంకరటింకరగా ఉన్నాయి. ఇంతలో ఒక ముద్ద చేతికి వచ్చింది. నున్నగా, గుండ్రంగా, ఎక్కడా ఒక్క పగులు లేదు. ఎంకవ్వ అంత ఏడుపులోనూ నవ్వు ఆపుకోలేక, "గిదేందుల్ల, పెండను గూడ లడ్డు సుట్టినట్టు సుట్టిండ్రు!" అన్నది. అందరూ పగలబడి నవ్వారు. ముందు వరుసలో నిలబడ్డ నువ్వు చప్పట్లు కొట్టి, "మా బాపు గిట్లనే సుడుతడు!" అని గర్వంగా అరిచావు. ఇంకా నవ్వారు. బాపు కూడా నవ్వాడు. సిద్ధిరాములు ఆ ముద్దను నీళ్లలో విప్పాడు. కమ్మలు బయటపడ్డాయి.

ఆ నవ్వు ఎలా ఆగిపోయిందో నీకు నేను చెప్పాలా. "దొరికినయ్. ఇగ ముచ్చట అయిపోయింది. ఎవ్వలేమనొద్దు," అని సిద్ధిరాములు లేచాడు. మాట ప్రకారం ఎవరూ ఏమీ అనలేదు. బాపును ఒక్క మాట అన్నవాళ్లు లేరు. కాకపోతే ఆ ఏడు నుంచి మన చుట్టుపక్కల ఒక్క పెళ్లికి కూడా ఆయనను వంటకు పిలవలేదు. నలభై గంజుల వంట ఒంటిచేత్తో నడిపిన వంటల రాజలింగు, ఎవరూ తనను ఎరగని చోటు కావాలని మద్నూర్ అవతలికి పోయి, మరాఠీ పెళ్లిళ్లలో గంటె తిప్పి బతికాడు. నెలకోసారి వచ్చేవాడు. బడిలో నిన్ను లడ్డు దొంగ కొడుకని పిలిచారు. నువ్వు బాపుతో మాట్లాడటం మానేశావు. పదహారేళ్లకు భివండి రైలెక్కావు. తొమ్మిదేళ్ల కింద అవ్వ పోయినప్పుడు వచ్చి, బాపు పక్కనే నిలబడి కొరివి పెట్టి, ఆయన మొహం చూడకుండానే పోయావు.

ఆదివారం నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే బాపు బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. "మాఫ్ చేశాను" అన్నచోట చేతులు ఆగిపోయాయి. వినపడే చెవిని నా వైపు తిప్పి, "ఏందీ? మల్ల సదువు," అన్నాడు. మళ్లీ చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత మీ బావను పిలిచి, "ఇన్నవా వెంకటీ, పోరడు మాఫ్ చేసిండట," అని చెప్పాడు. సాయంత్రం చాయ్ హోటల్లో నలుగురికి చెప్పి వచ్చాడు. తెల్లధోతి తీసి ఇస్త్రీకి వేయమన్నాడు. ఆ సంతోషం చూస్తూ నేను ఇంట్లో ఉండలేకపోయాను. దుకాణంలోకి పోయి మూటల మధ్య కూర్చుని ఏడ్చాను.

తమ్ముడూ, కమ్మలు తీసింది బాపు కాదు. నేను.

అమ్ముకోవడానికి కాదు, దాచుకోవడానికీ కాదు. నీ మీద ఒట్టు. ఎంకవ్వ ఇంటి అరుగు మీద బీడీలు చుడుతూ, మంచినీళ్లకని లోపలికి పోతే ఆ డబ్బా కనిపించింది. మర్నాడు స్నేహితురాలితో కామారెడ్డిలో సినిమాకు పోదామనుకున్నాం, పరీక్ష ఫీజు కట్టాలని అవ్వకు అబద్ధం చెప్పి. ఒక్కరోజు పెట్టుకుని తెచ్చి అక్కడే పెట్టేద్దామనుకున్నాను. సినిమాలో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. తల ఇటు తిప్పీ అటు తిప్పీ కమ్మలు ఊగుతున్నాయా లేదా అని చూసుకుంటూనే ఆట అయిపోయింది. బస్సు దిగేసరికి వాడంతా ఎంకవ్వ ఇంటి ముందు ఉంది. కమ్మలు రిబ్బన్‌లో చుట్టి బాపు శనగపిండి డబ్బాలో కూరాను. వారం దాకా పెళ్లి వంట లేదు, ఆయన ఆ మూత తీయడనుకున్నాను.

మర్నాడే ఎవరో బిడ్డను తొట్టెలలో వేస్తున్నామని, లడ్డూలు కావాలని వచ్చారు. బాపు డబ్బా మూత తీశాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. రిబ్బన్ నాదేనని ఆయనకు తెలుసు, ఎప్పుడూ నాకు ఆ ఒక్క రంగే కొనేవాడు. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. "పిండి పురుగు పట్టింది బిడ్డ, లడ్డూలు చెయ్యనని చెప్పిరా," అన్నాడు. ఆ తెల్లవారి ముద్ద నేను చేస్తానంటే, "నువ్వు పో, బడికి తయారు కా," అని తనే పెరట్లోకి పోయాడు.

చావడి ముందు నువ్వు చప్పట్లు కొట్టినప్పుడు నేను నీ వెనకే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఆ రోజు భయం. ఆ తర్వాత నా పెళ్లి సంబంధాలు. ఆ తర్వాత ఎంకవ్వ నన్ను కన్నబిడ్డలా చూడటం. ఆ తర్వాత అలవాటైపోయింది. నువ్వు ప్రతి బతుకమ్మకూ చీర పంపిస్తావు. ఆ చీర కట్టుకున్న ప్రతిసారీ బాపు ముందు నిలబడటానికి నాకు సిగ్గుగా ఉంటుంది, ఆయన మాత్రం "నా కొడుకు పంపిండు," అని పక్కింటివాళ్లకు చూపిస్తాడు. చిన్నప్పుడు నువ్వు అరిచిన ఆ మాట నిన్ను ఎంత తిన్నదో నాకు తెలుసు. బాపు మీద కోపం ఎంతో, ఆ మాట అన్నందుకు నీ మీద నీకు కోపం అంతే. ఆ బరువు కూడా నాదే తమ్ముడూ. నువ్వు ఏ తప్పూ చేయలేదు. నీ తండ్రి పనితనం చూసి మురిశావు, అంతే.

నిన్న పొద్దున మొట్టమొదటిసారి బాపు ముందు ఆ మాట ఎత్తాను. ఇరవై తొమ్మిదేళ్లలో మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదంటే నువ్వు నమ్మవు.

"బాపూ, శేఖర్‌కు ఉత్తరం రాస్తున్న. కమ్మలు నేనే తీసిన అని రాస్త."

"ఎందుకే గా ముచ్చట ఇప్పుడు? పోరడు ఇన్నేండ్లకు పిలిచిండు. పోయి నాలుగు అచ్చింతలు ఏసి వస్త."

"నువ్వు చెయ్యని దానికి వాడు మాఫ్ చేసుడేంది?"

"చేసిన దానికి చేసిండా, చెయ్యని దానికి చేసిండా, నాకేం ఫరక్? పిలిచిండు. నాకు గంతే కావాలె."

"నాకు ఫరక్ ఉన్నది బాపూ."

ఆయన బియ్యం చాట పక్కన పెట్టాడు. "నేనెన్నొద్దులుంట చెప్పు. నేను పోయినంక నీకు తల్లిగారిల్లంటే వాడే. బతుకమ్మకు ఎవలింటికి పోతవ్? నీ మీద వాడు అలిగితే నిన్ను అడిగేటోడెవ్వడు? నా మీద కోపముంటే నేను ఓర్సుకున్న. ఆడివిల్లవు, నువ్వెట్ల ఓర్సుకుంటవ్?"

అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ ఆయన ఎందుకు నోరు మూసుకున్నాడో. చివరికి ఒక్కటే అడిగాను, ముద్ద అంత గుండ్రంగా ఎందుకు చేశావని. సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "కమ్మలు బయటికి రావద్దని అరచేతుల తిప్పిన బిడ్డ. తిప్పితే ఇగ చెయ్యి ఊకోలేదు. వంకరగ చెయ్యాలని నాకెందుకు యాదికి రాలే, ఎన్నిసార్లు అనుకున్ననో," అన్నాడు.

అదీ సంగతి. రాయొద్దని చెప్పాడు, రాశాను. ఇందులో ఒక ఫోటో పెడుతున్నాను. అక్క తండ్రి కోసం అబద్ధం చెబుతోందని నువ్వు అనుకుంటావేమోనని. ఆ రోజు సినిమాకు ముందు కామారెడ్డిలో స్టూడియోలో దిగాను. రెండేళ్ల తర్వాత పోయి అడిగితే స్టూడియో ఆయన ఇంకా దాచి ఉంచాడు. పెట్టె అడుగున కాగితం కింద పెట్టాను, మీ బావ కూడా చూడలేదు. రెండు జడలూ ముందుకు వేసుకుని నవ్వుతున్నది నేనే. చెవులు చూడు. పచ్చరాయి, ఒకదానికి ముత్యం లేదు.

పెళ్లికి ముందు శుక్రవారం మీ బావ బాపును తీసుకుని కామారెడ్డిలో రైలెక్కుతాడు. నేను స్టేషన్ దాకా వస్తాను. నన్ను కూడా ఎక్కమని నువ్వు ఫోన్ చేస్తే ఎక్కుతాను. మేనత్తగా సాయిశ్రీ పక్కన కూర్చోవాలని అది పుట్టినప్పటి నుంచీ ఆశ, దాచుకోను. నువ్వు చేయకపోతే ప్లాట్‌ఫారం మీది నుంచే దాన్ని దీవించి ఇంటికి వస్తాను, నీ మీద కోపం పెట్టుకోను. బతుకమ్మ చీర సంగతి కూడా నీ ఇష్టం.

ఒక్కటి మాత్రం నా కోసం కాదు, బాపు కోసం చెయ్యి. ఆయన కళ్యాణ్‌లో రైలు దిగుతాడు, ఇస్త్రీ ధోతి కట్టుకుని, నీ మాఫీ తీసుకోవడానికి సిద్ధమై దిగుతాడు. నువ్వు ఇస్తే సంతోషంగా తీసుకుంటాడు కూడా. ఇవ్వకు తమ్ముడూ. వినపడే చెవి కుడివైపుది. ఆ వైపు పోయి నిలబడి, నువ్వే అడుగు.

ఇట్లు,
ఎంకవ్వ కమ్మలు తీసిన నీ అక్క,
గంగామణి